ఊకొట్టు

బోధన్ దాటాక చెరుకు తోటల నడుమ ఒక ఊరు. మధ్యాహ్నం, ఇంటి అరుగు మీద శైలజ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఎదురుగా లాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నవాడు శ్రీధర్, చనిపోయిన ఆమె భర్తకు తమ్ముడు. నిజామాబాద్‌లో బస్సెక్కేటప్పుడు వదినతో ఏమేం మాట్లాడాలో అన్నీ వరుసగా అనుకున్నాడు పాపం. అరుగెక్కేసరికి అందులో ఒక్క ముక్కా మిగల్లేదు. మిగిలింది ఈ పేరు గొడవే.

"పేరు లేకుంట సైట్ ముందుకు పోనిస్తలేదు వదినా. ఏదన్న ఒకటి రాయాలె."

"నీ ఇష్టమున్నది రాసుకో శ్రీధర్. నన్నడుగుడేంది."

"నువ్వు పెడితె బాగుంటదని."

"నేను సదివిందే ఏడో తరగతి. కంప్యూటర్ల పేర్లు నాకేమెర్క."

"కంప్యూటర్ పేరు కాదు. చిన్న ప్రోగ్రామ్. మోటర్ డబ్బల నడిచేటిది."

"మోటర్ ముచ్చట నా ముంగట తియ్యద్దు అన్ననా లేదా."

"అన్నవ్."

"మల్ల?"

"మల్ల... గదే. చాయ్ మంచిగున్నది."

"నువ్వింక నోట్ల పొయ్యనే లేదు."

"తాగుత. అవ్వ ఏది, కనవడ్తలేదు?"

"లోపలున్నది. నీ గొంతు ఇని తలుపు దగ్గరికేసుకున్నది."

"నన్ను చూస్తదా ఒకసారి?"

"జోలికి పోకు. ఒక కొడుకు పోయిండంటె గుండెలు బాదుకొని ఏడ్సింది. మోటర్ ఏసింది ఇంకో కొడుకు అంటె ఇగ ఏం సెయ్యాల్నో తెల్వక ఊకున్నది. అప్పటిసంది ముచ్చట్నే లేదు. తింటది, పంటది."

"నేను కావాలని ఏసిన్నా వదినా."

"ఎవలన్నరు నిన్ను కావాలని ఏసినవని."

"ఎవ్వలనలే. గదే. ఎవ్వలు ఏం అంటలేరు."

"సరే, ఏం సేస్తదో సెప్పు నీ ప్రోగ్రామ్. పని తెల్వకుంట పేరెట్ల పెడ్తరు ఎవలన్న."

"ఇప్పుడు పాతదుండె గద, ఫోన్ కొడితె సాలు, మోటర్ నడుస్తుండె. కొత్తది గట్ల కాదు. ఫోన్ కొట్టంగనే బాయి కాడ సైరన్ మోగుతది. మోటర్ మాత్రం నడువది. ఆగుతది."

"దేనికోసం?"

"జవాబు కోసం. బాయి కాడ ఉన్నోళ్లు అక్కడ ఒక బటన్ ఒత్తాలె. నేను బయటికొచ్చిన, ఇగ ఏయ్ అన్నట్టు. ఒత్తకపోతె ఎంతసేపయినా నడువది. ఎవ్వలు ఫోన్ కొట్టినా నడువది."

"నువ్వు కొట్టినా?"

"నేను కొట్టినా నడువది వదినా."

"ముందుగాల్నే గట్ల సేసుంటె..."

"రోజు అనుకుంట."

"అనుకో. నేను గూడ అనుకుంట."

"అందుకనే పేరు... నేనొకటి అనుకున్న. అన్న పేరు పెడ్దామని. ముత్యం అని. పొట్టిగుంటది, అందరికి నోరు తిరుగుతది."

"లగ్గమైన్నాటి సంది ఆ పేరు నేను నోట పలుకలే. రేషన్ దుకాణంల అడిగితె గూడ పిల్లతోటి సెప్పిపిచ్చిన. దాన్ని తీస్కపోయి మోటర్ డబ్బకు పెడ్తవా."

"నువ్వు పలుకుడు అవసరం లేదు. వేరేటోళ్లు పలుకుతరు. ఏడేడోళ్లో. అన్న పేరు నాలుగు ఊర్లల్ల ఉంటది."

"ఏమని పలుకుతరు?"

"పలుకుడంటె, కంప్యూటర్ల రాస్తరు. ముత్యంను దించు, ముత్యంను నడుపు, గిట్ల."

"వద్దనుకుంటె?"

"వద్దనుకుంటె... తీసెయ్యి అని రాస్తరు."

"ఆ పేరు రాసి, తీసెయ్యి అని?"

"అన్ని ప్రోగ్రాములకు గట్లనే రాస్తరు వదినా. అదేం..."

"నడుసుకుంట నడుసుకుంట మధ్యల ఆగిపోతె ఏమొస్తది?"

"ఏమో. ఏదో వస్తది."

"సెప్పు. నువ్వే సూపిచ్చినవ్ ఒకసారి, మీ అన్నకు, గీ అరుగు మీదనే. నల్ల తెర మీద అచ్చరాలు వచ్చినయి. ఆయన పక్కున నవ్విండు గూడ."

"సచ్చిపోయింది అని వస్తది. ఇంగ్లీష్ల."

"పేరు తోటా?"

"పేరు తోటనే."

"ఇగ నువ్వే ఆలోచన చేసుకో."

"సరే. అది వద్దు. కాపలా అని పెడ్తె?"

"కాపలా అంటె కుక్క గుర్తొస్తది."

"రక్ష?"

"గుడికాడ కట్టే దారం లెక్కున్నది. పాతదాని పేరేముండె?"

"నీకెర్కనే గద."

"నీ నోటితోటి సెప్పు."

"కాలుమీదకాలు."

"ఎవలు పెట్టిండ్రు?"

"అన్ననే. ఇగ బాయి కాడికి ఉరుకుడు లేదురా తమ్మి, మంచం మీద కాలు మీద కాలేసుకొని మోటర్ నడుపుత అన్నడు. ఆ మాటనే పేరు రాసిన. ఏ వర్గం అని అడిగితె వ్యవసాయం, దాని కింద సౌకర్యం అని పెట్టిన."

"సౌకర్యం."

"అవ్."

"తీసేసినవా దాన్ని?"

"నా దగ్గరిది తీసేసిన, దాని మెసేజ్‌లు గూడ ఫోన్‌కు రాకుంట బంద్ పెట్టిన. కని అది అందరి సొమ్ము వదినా. ఎవలన్న తీస్కోవచ్చు, మార్చుకోవచ్చు, మళ్లొకరికి ఇయ్యచ్చు అనే పెట్టినం. అన్న పోకముందే శానమంది తీస్కున్నరు. నేను తీసేసినంక ఎవలో మల్ల పెట్టిండ్రు, గదే పేరు తోటి. మెసేజ్ పెట్టిన వాళ్లకు, ఒక మనిషి పోయిండు, తీసెయ్యిర్రి అని."

"ఏమన్నరు?"

"మా దగ్గర మంచిగనే నడుస్తుంది అన్నరు."

"అంటె నువ్వు సంపినా సావది."

"సావది."

"గంత గట్టి పానం మనిషికి లేకపాయె."

శైలజ కత్తెర తీసుకుని ఇంకో తునికాకును కోసింది. శ్రీధర్ మాట మార్చాడు.

"పేరు తర్వాత చూద్దాం. వర్గం ముఖ్యం."

"వర్గమంటె?"

"టేకేదారు మీ బీడీలు చూసి వేరు చేస్తడు గదా, గట్ల."

"వాడు సేసేది రెండే. మంచియి ఒక దిక్కు, పనికిరానియి ఒక దిక్కు."

"మాకు శాన దిక్కులున్నయి. వ్యవసాయం, ఇంటి సామాను, ఫోన్లు, ఆటలు. ప్రాణరక్షణ అని ఒకటున్నది."

"మరి ఇది మోటర్‌కు సంబంధించిందే గద. వ్యవసాయంల ఏయ్."

"పాతది గండ్లనే ఉన్నది వదినా. దాని కిందికి పోయి కూసుంటది ఇది. ఒక రైతు వచ్చిండనుకో. ఫోన్ కొట్టంగనే నడిచేది ఒకటి, సైరన్ మోగి జవాబు కోసం ఆగేది ఒకటి. ఏది తీస్కుంటడు?"

"ఎంటనే నడిసేదే తీస్కుంటడు. మనం తీస్కోలే?"

"గందుకే. అదే ప్రాణరక్షణల పెట్టినమనుకో, పాతదాన్ని దించుకునేటోనికి గూడ ముందుగాల ఇదే కనవడ్తది. ఇది లేకుంట అది పెట్టకుర్రి, మనిషి పోతడు అని ఎర్రగ రాసి వస్తది. ఆ సైట్ల గట్ల ఏర్పాటున్నది."

"మంచి ముచ్చటనే. పెట్టు మల్ల."

"ఊకెనే పెట్టనియ్యరు. నిజమైన బాయి కాడ, నిజమైన మోటర్ మీద ఒక పంట కాలం నడిచింది అని రాసియ్యాలె."

"నడిసిందని రాయి. ఎవలొచ్చి సూస్తరు."

"రాయబుద్ధి కాలె."

"పాతదానికి రాసినవా గట్ల?"

"దానికి ఎవ్వలు అడుగలే. సౌకర్యానికి అడుగరు. ఇంటున్నవా వదినా?"

"ఇంటున్న. సేతుల పనున్నది గని సెవులు నీ దిక్కే ఉన్నయి."

"మన మోటర్ మీద పెడ్దామని వచ్చిన. సంచిల డబ్బ ఉన్నది. పొద్దుగూకక ముందే బిగిస్త."

"పేరు కోసం వచ్చిన్నంటివి."

"పేరు కోసం గూడ."

"ఊర్ల ఇంక మోటర్లే లేవా? ముత్తన్నది లేదా, రాజలింగుది లేదా?"

"ముత్తన్న కాకను అడిగిన. సంచిలకెల్లి డబ్బ తియ్యకముందే రెండు చేతులు జోడిచ్చిండు. బిడ్డా, నీ చేతి సామాను మా బాయి కాడ వద్దు అన్నడు. రాజలింగు నన్ను చూసి బండి మలుపుకున్నడు."

"ఇంక నేనే దొరికిన్నా."

"నీ దగ్గరికే ముందు రావాల్సిండె. ధైర్యం చాలలే."

"ఎవలికోసం సేస్తున్నవ్ ఇదంత?"

"జనం కోసం. ఇంకో అన్న పోవద్దని."

"శ్రీధర్."

"నా కోసమే. అందరికి జనం కోసం అని చెప్తున్న. ఆఫీసుల నౌకరి ఇడిసి దీని మీదనే కూసున్న. నా కోసమే వదినా. పండుకుంటె ఫోన్ మోగినట్టయితది. లేసి చూస్తె మోగదు."

"నీ మీద నాకు కోపం లేదు అనిపిచ్చుకుందామని వచ్చినవ్."

"లేదు. అనుమని అడుగుతలేను."

"అడిగినా అనను. ఉన్నది. ముద్ద మింగుతుంటె ఉన్నది, పిల్లకు జడేస్తుంటె ఉన్నది. లైన్ల పనుండి కరెంటు బందైంది, రాంగనే నీ ఫోన్‌కు మెసేజ్ వస్తది, నువ్వే మోటర్ ఏయ్ అని ఆయనే నీకు సెప్పిండు. వచ్చింది, నువ్వేసినవ్. ఆ నడుమ ఆయన బాయిల దిగి పైపు మూతికి తట్టుకున్న చెత్త తీస్తుండె, మోటర్ నడువంగనే నీళ్లల్ల కరెంటు పారింది. నిజామాబాద్‌ల ఉన్నోనివి, నీకెట్ల తెలుస్తది. నీ తప్పు లేదని నాకెర్కనే. ఎర్కున్నా పోతలేదు."

"నన్ను తిట్టు వదినా. ఒకసారి మంచిగ తిట్టు."

"తిట్టేటట్టుంటె ఆ దినమే తిడుదు. పోలీసులు వచ్చిండ్రు సూడు, అప్పుడు. ఎవలి మీదన్న అనుమానమున్నదా అమ్మా అని అడిగిండ్రు."

"ఏమన్నవ్?"

"లేదన్న. మోటర్ ఎట్ల నడిసింది అంటె, కరెంటొచ్చింది, నడిసింది అన్న. ప్రమాదం అని రాసుకొని పోయిండ్రు. వర్గాల గురించి నువ్వు నాకు సెప్తున్నవ్. మీ అన్నను ఏ వర్గంల ఎయ్యాల్నో నేను గప్పుడే ఏసిన."

"నాకెవ్వలు చెప్పలే."

"నేను సెప్పద్దన్న. సెప్తె నువ్వు వచ్చి నా కాళ్ల మీద పడుతవ్. నాకు అవన్ని సూసే ఓపిక లేదు."

శ్రీధర్ చల్లారిన చాయ్‌ని ఒక్క గుటకలో తాగేసి గ్లాసు పక్కన పెట్టాడు.

"తెల్వదు అన్నవ్ గద వదినా, బాయిల అన్న ఉన్నది నాకు తెల్వదని."

"అన్న."

"అప్పట్ల ఎట్ల తెలుస్తుండె? డబ్బ లేనప్పుడు?"

"ఎన్కటనా? నేను స్టార్టర్ కాడ ఉంటుంటి. ఆయన బాయిల. గోడ అడ్డం, కనవడడు. నేను పేరు పెట్టి పిలువ గద, ఏస్తున్నా అని ఒక్క కేక ఏస్తుంటి. ఏసి ఆగుతుంటి."

"అన్న ఏయ్ అంటుండెనా?"

"ఏయ్ అనడు. ఊఁ అంటుండె. గంతే. మీ అన్నకు మాటలు తక్వ. రాత్రి కథ సెప్తుంటె పోరలు ఊఁ కొడ్తరు సూడు, గట్ల. బాయిలకెల్లి వస్తుండె, కొంచెం బొంగురుగ. ఆ ఊఁ ఇనవడకపోతె బటన్ మీద సెయ్యి పెట్టకపోతుంటి."

"ఎప్పుడన్న ఊఁ అనకుంట ఉంటుండెనా?"

"ఒకసారి అన్లే, నన్ను ఏడిపిద్దామని. నేను మళ్ల కేకేసిన. మళ్ల అన్లే. ఇగ ఏడుసుకుంట ఉరికిన. మెట్ల మీద కూసోని బీడీ తాగుకుంట నవ్వుతుండు. అప్పుడు తిట్టిన సూడు, ఆ తిట్లు నీకు వద్దు. గప్పటిసంది ఎన్నడు మరువలే. ఊఁ అంటనే ఉండె."

"నా ప్రోగ్రామ్ చేసేది గూడ గదే వదినా. కేకేస్తది, ఆగుతది, ఊఁ అంటె ఏస్తది."

"గదేనా?"

"గదే. ఇంకేం లేదు దాంట్ల. ఊకొట్టు."

"ఏంది?"

"పేరు. ఊకొట్టు. నువ్వే పెట్టినవ్."

"నేను పెట్టలే. ముచ్చట సెప్పిన."

"మంచిగున్నదా?"

"ఊకొట్టు... మంచిగనే ఉన్నది. ఆగిపోతె, ఊకొట్టు సచ్చిపోయింది అని వస్తదా?"

"ఆగిపోతె మోటరే నడువది. ఎవ్వలకు ఏం గాదు."

"అయితె రాయి."

శ్రీధర్ రాశాడు. ఈ పేరు ఇంతకుముందు ఎవరూ పెట్టుకోలేదని తెర మీద వచ్చింది. చాలాకాలానికి అతనికి ఒక్క పని సరిగ్గా జరిగినట్టనిపించి కళ్లు చెమ్మగిల్లాయి.

"ఇగ వర్గం వదినా. ప్రాణరక్షణ. బిగియ్యాల్నా డబ్బ?"

"వద్దు."

"పేరు పెట్టినంక గూడ వద్దా?"

"పేరు పేరే, మోటర్ మోటరే. ఇంకేడన్న పెట్టుకో."

"నీకేం పని పడది. పాతది తీసేసినంక గోడ మీద ఆ జాగ ఖాళీగనే ఉన్నది గద. గండ్లనే రెండు మేకులు కొడ్త, గంతే."

"పాతది ఎవలు తీసిండ్రు?"

"కాకోళ్లు తీసి పారేసిండ్రు. నేను చూసిన."

"పారేసిండ్రు. దినాలు కాంగనే నేనే తుమ్మ పొదల్లకెల్లి ఎతుక్కొచ్చి మళ్ల బిగిపిచ్చిన."

"ఏంది?"

"గదే డబ్బ. గదే గోడకు."

"వదినా, నీకు... ఎందుకు?"

"సెరుకు ఎండవట్టె. కూలికి ఒకరిని పెట్టుకునే సాత లేదు. ఆ స్టార్టర్ మీద సెయ్యి పెడ్దామని పోతె, పెట్టకుంటనే ఎన్కకొస్త. గందుకే దూరంగ నిలవడి ఆయన ఫోన్ తోటి కొడ్తున్న. దానికి మీ ఇద్దరి నంబర్లే ఎర్క గద."

"ఇన్నాళ్ల సంది గా కాలుమీదకాలే నడుస్తున్నదా మన బాయి కాడ?"

"అదే నడుస్తున్నది. పొద్దున గూడ నడిసింది."

"తీసెయ్యి వదినా. నీకు దండం పెడ్త. ఇప్పుడే తీసేసి నాది పెడ్త. నీకేం తేడా లేదు. ఫోన్ కొట్టు, సైరన్ మోగుతది, నువ్వే బటన్ ఒత్తు. గంతే."

"అడిగేది నేనే, ఊఁ అనేది నేనేనా? ఇద్దరు మనుషులున్న ఇంటికి సేసినవ్ నువ్వు దీన్ని. మా బాయి కాడ రెండో మనిషి ఏడున్నడు శ్రీధర్?"

"సరే, నాది వద్దు. కని పాతదాన్ని ఎట్ల నమ్ముతున్నవ్? అది ఎవ్వలను ఏం అడుగది. బాయిల పిల్లనే దిగి ఉంటె? ఎవలన్న ఉంటె?"

"అది అడుగది. నేనడుగుత. రోజు. బాయి అంచుకు పోయి, లోపలికి తొంగి సూసి, ఏస్తున్నా అని కేకేస్త. ఎన్కటి లెక్కనే. ఏసి ఆగుత."

"ఆగి?"

"ఎన్కట ఊఁ అంటె ఏస్తుంటి. ఇప్పుడు ఊఁ అనకపోతె ఏస్తున్న."